అవసరానికి మండని డీజిల్: జురాంగ్ దీవిలో ఒక గ్యాస్ ప్లాంట్ అనుభవం

రాత్రి 2 గంటల 40 నిమిషాలకు గ్యాస్ ప్రెషర్ పడిపోవడం మొదలైంది. 2 గంటల 46 నిమిషాలకు యూనిట్ ట్రిప్ అయింది, అంటే తనంతట తానే ఆగిపోయింది. ఆ ఆరు నిమిషాల్లో ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఆ తర్వాత నెలల తరబడి మేం ఏం సరిచేసుకున్నాం అన్నది వివరంగా రాస్తున్నాను. అప్పట్లో నేను ఆ ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. ప్లాంట్ పేరు చెప్పను. గ్యాస్‌తో నడుస్తూ డీజిల్‌ను బ్యాకప్‌గా పెట్టుకున్న ఏ కంబైన్డ్ సైకిల్ (గ్యాస్ టర్బైన్, స్టీమ్ టర్బైన్ కలిసి పనిచేసే) ప్లాంట్‌లోనైనా ఇది జరగవచ్చు. అక్కడ పనిచేసేవాళ్లు ఒక్కసారి తమ టెస్ట్ రికార్డులు తీసి చూసుకోవాలన్నదే నా కోరిక.

ముందు చోటు గురించి కొంచెం చెప్పాలి. సింగపూర్ నైరుతి మూలన జురాంగ్ దీవి ఉంది. ఒకప్పుడు అక్కడ మెర్లిమావ్, సెరాయా, సక్రా లాంటి ఏడు చిన్న దీవులు ఉండేవి. మధ్యలోని సముద్రాన్ని పూడ్చి వాటన్నిటినీ ఒకే నేలగా కలిపారు. 2000 అక్టోబర్‌లో అధికారికంగా ప్రారంభించారు, పూడిక పని 2009కి పూర్తయింది. ఇప్పుడు అది సుమారు 3,000 హెక్టార్లు. అక్కడ ఇళ్లు లేవు, బడులు లేవు. రిఫైనరీలు, ఇథిలీన్ క్రాకర్లు, రసాయన కర్మాగారాలు, ట్యాంకులు, వాటన్నిటినీ కలుపుతూ కిలోమీటర్ల కొద్దీ పైపులు. ఒకరి కర్మాగారంలో తయారైనది పక్కవాళ్లకు ముడిసరుకు. కరెంటుతో పాటు ఆవిరి కూడా అలాగే పైపుల్లో ఇరుగుపొరుగుకు వెళుతుంది. పాస్ లేనిదే లోపలికి అడుగు పెట్టనివ్వరు.

మా యూనిట్ సుమారు 400 మెగావాట్ల బ్లాక్. గ్యాస్ టర్బైన్ నుంచి మూడింట రెండు వంతులు, స్టీమ్ టర్బైన్ నుంచి ఒక వంతు. గ్యాస్ టర్బైన్ ఒక్కటే అయితే ఇంధనంలోని వేడిలో నూటికి 38 పాళ్ల వరకు కరెంటుగా మారుతుంది. మిగతాది దాదాపు 600 డిగ్రీల వేడి పొగగా బయటికి పోతుంది. ఆ పొగతోనే బాయిలర్‌లో ఆవిరి పుట్టించి రెండో టర్బైన్ తిప్పితే మొత్తం సామర్థ్యం 55 శాతం దాటుతుంది. వాడేసిన ఆవిరిని సముద్రపు నీటితో చల్లార్చి మళ్లీ నీరు చేస్తాం. మా దగ్గర కొంత ఆవిరిని మధ్యలోనే తీసి పక్క కర్మాగారాలకు ఇచ్చేవాళ్లం. అంటే మా యూనిట్ ఆగితే గ్రిడ్‌తో పాటు ఇరుగుపొరుగు కూడా ఇబ్బందిలో పడతారు.

సింగపూర్ కరెంటులో దాదాపు 95 శాతం సహజవాయువు మీదే ఆధారపడింది. మలేసియా నుంచి పైపు గ్యాస్ వస్తుంది. ఇండొనేసియా వెస్ట్ నటూనా నుంచి 2001లో సముద్రం అడుగున సుమారు 640 కిలోమీటర్ల పైపులైను వేసుకున్నారు. 2003లో దక్షిణ సుమత్రా గ్యాస్ తోడైంది. 2013లో జురాంగ్ దీవి మీదే ఎల్‌ఎన్‌జీ (ఓడల్లో వచ్చే ద్రవరూప సహజవాయువు) టెర్మినల్ మొదలైంది. ఇన్ని దారులు ఉన్నా, ఒకచోట వాల్వ్ మూసుకుపోతే దాని మీద ఆధారపడ్డ యూనిట్లకు మిగిలేది పైపులో అప్పటికే ఉన్న గ్యాస్ మాత్రమే. 2004 జూన్ 29 రాత్రి వెస్ట్ నటూనా గ్యాస్ సరఫరాకు అంతరాయం కలిగి చాలా ఇళ్లకు కరెంటు పోయింది. ఆ సంగతి అక్కడ పాత ఆపరేటర్లు ఇప్పటికీ చెబుతుంటారు. అందుకే గ్యాస్ ప్లాంట్లు డీజిల్ నిల్వ పెట్టుకోవాలి, నడుస్తుండగానే గ్యాస్ నుంచి డీజిల్‌కు మారగలగాలి.

నేను ఈ పని నేర్చుకున్నది గోదావరి జిల్లాల్లో. 2013 మార్చి నుంచి కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 క్షేత్రం గ్యాస్ కరెంటు ప్లాంట్లకు ఆగిపోయాక, బంగారం లాంటి మెషిన్లు గ్యాస్ లేక ఎలా పడి ఉన్నాయో కళ్లారా చూశాను. బాయిలర్లలో నైట్రోజన్ నింపి, రోటర్ ఒకే భంగిమలో ఉండి వంగిపోకుండా అప్పుడప్పుడు తిప్పుతూ, మళ్లీ గ్యాస్ వస్తుందని ఎదురుచూసిన రోజులవి. మాలో చాలామంది గల్ఫ్‌కో సింగపూర్‌కో వెళ్లిపోయాం. జురాంగ్ దీవితో తెలుగువాళ్ల అనుబంధం ఉద్యోగాలతోనే మొదలవలేదు. శ్రీకాకుళం ప్రాంతపు రాజాంలో పుట్టిన జీఎంఆర్ సంస్థ 2009లో అక్కడ ఒక ప్రాజెక్టును కొని 800 మెగావాట్ల ఎల్‌ఎన్‌జీ ప్లాంట్ కట్టింది. 2013లో అందులో 70 శాతం వాటా అమ్మేసింది. నేను చెబుతున్నది ఆ ప్లాంట్ గురించి కాదు. కానీ ఆ గేటు ముందు నుంచి బస్సులో వెళ్లిన ప్రతిసారీ మనసులో ఏదో ఆనందం కలిగేది.

ఆరు నిమిషాలు

ఆ రాత్రి మా యూనిట్ 370 మెగావాట్ల దగ్గర ప్రశాంతంగా నడుస్తోంది. చివరిసారి ఆగి అప్పటికి 11 వారాలు. ప్యానెల్ మీద ఉన్న కుర్రాడు "గ్యాస్ ప్రెషర్ దిగుతోంది సార్" అన్నాడు. మొదట మీటర్ తేడా అనుకున్నాను. పక్క మీటర్ కూడా అదే చూపించింది. గ్యాస్ స్టేషన్‌కు ఫోన్ చేసేలోపే లో ప్రెషర్ అలారం వచ్చి, గ్యాస్ నుంచి డీజిల్‌కు ఆటోమేటిక్ ఛేంజోవర్ మొదలైంది.

అది ఎలా జరుగుతుందంటే, ముందు లోడ్, అంటే యూనిట్ ఇచ్చే కరెంటు, తగ్గుతుంది. డీజిల్ పంపు లేస్తుంది, లైన్ నిండుతుంది. తర్వాత గ్యాస్ వాటా కొంచెం కొంచెంగా తగ్గుతూ, డీజిల్ వాటా అంతే వేగంగా పెరుగుతుంది. మా టర్బైన్ చుట్టూ 18 దహన గదులు ఉన్నాయి. మేం వాటిని క్యాన్లు అంటాం. ఒక్కో క్యాన్‌కు డీజిల్ విడిగా ఒక సన్నని పైపులో వెళుతుంది. ప్రతి పైపు చివర స్ప్రింగ్‌తో పనిచేసే చిన్న చెక్ వాల్వ్ ఉంటుంది. డీజిల్ ప్రెషర్ సరిపడా వస్తే తెరుచుకోవాలి, గ్యాస్ మీద నడిచేటప్పుడు లోపలి వేడి గాలి వెనక్కి రాకుండా మూసుకుని ఉండాలి. అరచేతిలో ఇమిడిపోయేంత వస్తువు.

పద్దెనిమిదీ సమంగా మండుతున్నాయో లేదో లోపలికి తొంగి చూసి తెలుసుకోలేం. టర్బైన్ వెనక పొగ దారిలో గుండ్రంగా అమర్చిన థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు) చెప్పాలి. వాటిలో అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతల మధ్య తేడాను స్ప్రెడ్ అంటాం. మామూలుగా మా యూనిట్‌లో అది 25 డిగ్రీలు దాటదు. గ్యాస్ వాటా సగానికి వచ్చేసరికి 41 అయింది. తర్వాత 58. నేను లోడ్ ఇంకా దించమని చెప్పాను. దించేలోపే 80 దాటింది. ఒకవైపు వేడి, ఒకవైపు చలువ పొగతో టర్బైన్ బ్లేడ్లు తిరిగితే విరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మెషిన్ తనను తాను ఆపేసుకుంది. అది చేయాల్సిన పనే చేసింది.

గ్యాస్ టర్బైన్ ఆగితే స్టీమ్ టర్బైన్ ఆగుతుంది. దేశంలో మిగతా యూనిట్లు స్పిన్నింగ్ రిజర్వ్‌తో, అంటే నడుస్తూనే చేతిలో ఉంచుకున్న అదనపు సామర్థ్యంతో, ఆ లోడ్ అందుకున్నాయి. ఆ రాత్రి ఏ ఇంట్లోనూ లైటు ఆరలేదు. కానీ మా ఆవిరి లైన్‌లో ప్రెషర్ నిమిషాల్లో పడిపోయింది. ఇలాంటి సమయానికి ఒక సహాయక బాయిలర్ ఉంది, అది డీజిల్ మీద నడుస్తుంది. స్టార్ట్ నొక్కాం, వెలగలేదు. మళ్లీ నొక్కాం, మళ్లీ వెలగలేదు. కిటికీలోంచి చూస్తే పక్క కర్మాగారం ఫ్లేర్ (వాయువును కాల్చే గొట్టం) మంట ఒక్కసారిగా ఆకాశమంత ఎత్తు లేచింది. ఆవిరి అందక వాళ్లు తమ యూనిట్‌లోని వాయువును బయటికి వదిలి తగలబెట్టుకోవాల్సి వచ్చింది. అన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంత టెన్షన్ ఎప్పుడూ కలగలేదు. 40 నిమిషాల తర్వాత గ్యాస్ తిరిగి వచ్చింది. తెల్లారేసరికి యూనిట్ మళ్లీ గ్రిడ్ మీద ఉంది.

తప్పు చోట వెతికిన రెండు రోజులు

స్ప్రెడ్ పెరిగిందంటే కొన్ని క్యాన్లకు డీజిల్ సరిగా అందలేదన్నమాట. మొదట అందరి అనుమానం ఫ్లో డివైడర్ మీదకు వెళ్లింది. డీజిల్‌ను 18 సమ భాగాలుగా పంచేది అదే. దాన్ని పరీక్షించడానికి ఒక రోజు పోయింది, అది బాగానే ఉంది. తర్వాత థర్మోకపుల్స్ తప్పు చూపించి ఉంటాయన్నారు. ఇంకో రోజు పోయింది, అవీ బాగానే ఉన్నాయి. ఈ రెండు రోజుల్లో నా తప్పు కూడా ఉంది. ట్రిప్ రికార్డు కాగితం నా టేబుల్ మీదే ఉన్నా కూర్చుని శ్రద్ధగా చదవలేదు.

మూడో రోజు చదివాను. చల్లబడ్డ థర్మోకపుల్స్ రెండు చోట్ల గుంపుగా ఉన్నాయి. పొగ టర్బైన్ లోపల తిరుగుతూ వస్తుంది కాబట్టి వెనక చల్లగా కనిపించిన చోటికి నేరుగా ముందున్న క్యాన్‌ను పట్టుకుంటే తప్పే. ఎంత లోడ్ దగ్గర ఎంత కోణం తిరుగుతుందో తయారీదారు ఇచ్చిన స్వర్ల్ చార్ట్ ఉంటుంది. ట్రిప్ అయిన లోడ్‌కు ఆ కోణం వెనక్కి లెక్కేస్తే 6, 7, 13 నంబర్ క్యాన్లు తేలాయి. ఆ వారాంతం యూనిట్ ఆపి, చల్లారాక ఆ మూడు చెక్ వాల్వులూ విప్పించాను. ఆరు, ఏడు నంబర్లవి బిగుసుకుపోయి ఉన్నాయి. పదమూడోది సగం మాత్రమే కదిలింది. లోపల నల్లగా, గట్టిగా కార్బన్ పేరుకుంది. వంటింట్లో కడాయి అంచున నూనె మాడి మాడి పీచు పెట్టి రుద్దినా రాని పొర ఉంటుంది కదా, అచ్చం అలాగే.

కారణం కొత్తదేమీ కాదు, ఈ రంగంలో అందరికీ తెలిసినదే. టర్బైన్ గదిలో గాలే 120 డిగ్రీలు దాటుతుంది. పైపు చివర మిగిలిపోయిన కాస్త డీజిల్ ఆ వేడికి, గాలికి మెల్లగా జిగురవుతుంది, తర్వాత గట్టి బొగ్గు అవుతుంది. యూనిట్ ఎన్ని వారాలు నిరాటంకంగా గ్యాస్ మీద నడిస్తే అంత గట్టిపడుతుంది. 11 వారాలు ఆగకుండా నడిపామని మేం గొప్పగా చెప్పుకున్న రన్నే ఆ వాల్వులను బిగించేసింది.

ఇక్కడితో కేసు ముగించి, వాల్వులు మార్చి, రిపోర్ట్ రాసేయవచ్చు. చాలా చోట్ల అలాగే రాస్తారు. కానీ నాకు ఒకటి అంతుపట్టలేదు. మేం క్రమం తప్పకుండా ఛేంజోవర్ టెస్ట్ చేస్తాం. గత రెండేళ్ల రికార్డు తీస్తే ప్రతి టెస్టూ పాస్. ఒక్కసారి కూడా స్ప్రెడ్ 35 దాటలేదు. ఇంత త్వరగా బిగుసుకునే వాల్వ్ టెస్టుల్లో ఎప్పుడూ ఎందుకు బిగుసుకోలేదు?

జవాబు క్యాంటీన్‌లో దొరికింది. మా మెయింటెనెన్స్‌లో సామర్లకోట వైపు అబ్బాయి ఒకడున్నాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. భోజనం చేస్తూ మాటల్లో అడిగాను. అతను చెప్పిన కంప్రెసర్ వాష్ అంటే టర్బైన్‌లోకి గాలిని నొక్కి పంపే భాగాన్ని కడగడం.

"అన్నా, టెస్ట్ ఎప్పుడూ కంప్రెసర్ వాష్ అయ్యాకే కదా పెడతారు. వాష్‌కు ఎలాగూ మెషిన్ చల్లార్చి గది తెరుస్తాం. ఆ పని మీదే చెక్ వాల్వులు కూడా విప్పి కడిగేస్తాం. టెస్ట్ ఫెయిలైతే మీకు మాట వస్తుందని."

"ఎవరు చెప్పారు అలా చేయమని?"

"ఎవరూ చెప్పలేదన్నా. మా సీనియర్ చేసేవాడు, మేం చేస్తున్నాం. మంచిదే కదా."

చెంచా ప్లేట్‌లో పెట్టేసి అలాగే కూర్చుండిపోయాను. ఆ అబ్బాయి చెప్పింది నిజమే, అది మంచి పనే. పని మీద శ్రద్ధ ఉన్నవాళ్లు అడక్కపోయినా చేసిన పని. దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. కానీ దానివల్ల మా రెండేళ్ల రికార్డు మొత్తం చెబుతున్నది ఒక్కటే: నిన్న కడిగిన వాల్వ్ ఈరోజు తెరుచుకుంటుంది. 11 వారాలు వేడిలో ఉన్న వాల్వ్ గురించి ఆ కాగితాల్లో ఒక్క అక్షరం లేదు. అసలు గ్యాస్ ఎప్పుడు ఆగినా, ఎదురయ్యేది ఈ రెండో రకం వాల్వే. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. బ్యాటరీలో నీళ్లు పోసి ఫుల్ ఛార్జ్ అయ్యాక ఒకసారి స్విచ్ వేసి చూసుకుంటే ఎప్పుడూ పనిచేస్తుంది. నడి వేసవిలో, ఆరు నెలలు ఎవరూ ముట్టుకోని రోజున కరెంటు పోయినప్పుడు దాని అసలు సంగతి తెలుస్తుంది.

టెస్ట్ క్యాలెండర్ వేసినవాళ్లకు కూడా ఒక న్యాయమైన కారణం ఉంది. వాష్ అయ్యాక యూనిట్ ఎలాగూ మెల్లగా లోడ్ ఎక్కుతుంటుంది. అప్పుడు టెస్ట్ పెడితే మార్కెట్‌లో అమ్మాల్సిన కరెంటు పోదు. ప్రతి నిర్ణయం విడిగా చూస్తే సరైనదే. మూడు సరైన నిర్ణయాలు ఒకే రోజున పడ్డాయి, అంతే.

బాయిలర్ సంగతి, నీళ్ల సంగతి

సహాయక బాయిలర్ వెలగకపోవడానికి కారణం తెలిసినప్పుడు కంట్రోల్ రూమ్‌లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. బాయిలర్ డీజిల్‌తో నడుస్తుంది, నిజమే. కానీ దాన్ని అంటించే పైలట్ మంట మాత్రం అదే గ్యాస్ లైన్ నుంచి వస్తుంది. గ్యాస్ పోయినప్పుడు ఆదుకోవాల్సిన బాయిలర్‌కు గ్యాస్ ఉంటేనే అగ్గి పుడుతుంది. డ్రాయింగ్‌లో అది మొదటి రోజు నుంచీ ఉంది. మేమందరం ఆ డ్రాయింగ్ ఎన్నోసార్లు చూశాం. ఆ బాయిలర్‌ను ఎప్పుడు స్టార్ట్ చేసినా గ్యాస్ ఉన్న రోజే చేశాం కాబట్టి ఎవరికీ తట్టలేదు.

దాంతో ఒక పెద్ద కాగితం పరిచి, గ్యాస్ పూర్తిగా పోయిందనుకుని ఒక్కో పైపునూ వేలితో వెంబడించుకుంటూ వెళ్లాం. నా దృష్టిలో ఈ మొత్తం కేసులో అత్యంత విలువైన రెండు రోజులు అవే. అప్పుడు బయటపడిందే నీళ్ల సంగతి. డీజిల్ మండితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వాటిని అదుపులో పెట్టడానికి మంటలోకి డీమిన్ నీటిని, అంటే లవణాలు తీసేసిన శుద్ధ నీటిని, చల్లుతాం. పూర్తి లోడ్‌లో గంటకు 50 టన్నులకు పైగా డీజిల్ కాలుతుంది, దాదాపు అంతే బరువు నీరు కూడా పోతుంది. బాయిలర్‌కు కావాల్సిన నీరు దీనికి అదనం. పక్క కర్మాగారాలకు ఇచ్చిన ఆవిరిలో కొంత నీరుగా తిరిగి రాదు కాబట్టి ఆ లోటు కూడా మేమే పూడ్చాలి. మా డీమిన్ ప్లాంట్ అంత వేగంగా నీరు తయారు చేయలేదు. ట్యాంకులో డీజిల్ రోజుల తరబడి నడిచేంత ఉంది, డీమిన్ నీరు మాత్రం ఒకటిన్నర రోజుకు అయిపోతుంది. నిల్వ గురించి ఎవరు అడిగినా డీజిల్ లెవెల్ చెప్పేవాళ్లం. నీటి లెవెల్ అడిగినవాళ్లు లేరు.

మార్పులు, మొదటి ఫెయిల్

చెక్ వాల్వులను నీటితో చల్లబరిచే రకానికి మార్చాం. లోపలి డీజిల్ ఉడికిపోకుండా చుట్టూ చల్లటి నీరు తిరుగుతుంటుంది. పైలట్ మంటకు ఎల్‌పీజీ సిలిండర్లు పెట్టించాం. డీమిన్ ట్యాంకుకు ఎప్పుడూ దిగకూడని కనీస మట్టం నిర్ణయించాం. డీజిల్ ట్యాంక్ అడుగున చేరే నీటిని వారం వారం తీయడం మొదలుపెట్టాం. ఆ తేమ వాతావరణంలో నీరు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లు మూసేస్తాయి. ఇవన్నీ డబ్బుతో అయ్యే పనులు, పెద్దగా వాదన లేకుండానే జరిగిపోయాయి.

అసలు వాదన టెస్ట్ మీదే వచ్చింది. నేను అడిగింది ఇది: వాష్‌కూ టెస్టుకూ సంబంధం తెంచేయాలి. కనీసం ఆరు వారాలు ఆగకుండా నడిచిన యూనిట్‌ను, ఎవరూ వాల్వ్ ముట్టుకోకుండా, వేడి మీదే డీజిల్‌కు మార్చి చూడాలి. తేదీ గ్రిడ్ ఆపరేటర్‌కు, ప్లాంట్ మేనేజర్‌కు, షిఫ్ట్ ఇన్‌ఛార్జికి మాత్రమే ముందుగా తెలియాలి. కరెంటు అమ్మే విభాగం వాళ్లు ఒప్పుకోలేదు. "కావాలని ట్రిప్ రిస్క్ తీసుకుంటారా?" అన్నారు. సింగపూర్ మార్కెట్‌లో ప్రతి అరగంటకూ ధర తేలుతుంది. తప్పుడు సమయంలో యూనిట్ పడిపోతే నష్టం ఎంతో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. వాళ్ల భయం నిజమైనదే. నేను ఒక్కటే అడిగాను. ఆ రిస్క్ ఇప్పుడూ ఉంది, కాకపోతే దాని తేదీ ఎవరి చేతిలో ఉండాలి? చివరికి మేనేజర్ మధ్యేమార్గం చెప్పారు. గ్యాస్ ప్రెషర్ బాగున్న, డిమాండ్ తక్కువ ఉన్న రాత్రి చేద్దాం. స్ప్రెడ్ 50 తాకితే ట్రిప్ దాకా పోకుండా వెంటనే గ్యాస్‌కు వెనక్కి వచ్చేద్దాం.

అలా చేసిన మొదటి టెస్ట్ ఫెయిలైంది. వాల్వులు అప్పటికే కొత్తవి. స్ప్రెడ్ 52కు వెళ్లింది, వెనక్కి వచ్చేశాం, యూనిట్ పడలేదు. స్వర్ల్ చార్ట్ ఈసారి 15 నంబర్ క్యాన్ చూపించింది. విప్పితే వాల్వ్ బాగానే ఉంది, దాని చల్లటి నీటి పైపుకు బిగించిన నట్టు దగ్గర అడ్డు పడి నీరు తిరగడం లేదు. పాత పద్ధతిలో టెస్ట్ చేసి ఉంటే ముందు రోజు విప్పినప్పుడే ఎవరో దాన్ని సరిచేసేవారు. మళ్లీ ఒక పాస్ రికార్డులోకి ఎక్కేది. ఇలా ఇంకోచోట ఆగిపోయిందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఫెయిల్ కాగితం మీద సంతకం చేస్తూ నేను సంతోషించానంటే నమ్మండి. ప్రతి వాల్వ్ దగ్గర నీటి ప్రవాహం చూపించే చిన్న సూచిక పెట్టించాం. రెండో టెస్టులో స్ప్రెడ్ 33. మూడోదానిలో 31.

సామర్లకోట అబ్బాయి పని కూడా మారింది. అతను ఇప్పటికీ వాష్ రోజున వాల్వులు విప్పి చూస్తాడు. అయితే కడగడానికి ముందు ఒక్కోదాన్నీ వేలితో నొక్కి, ఏది ఎంత కదిలిందో రాసి, ఫొటో తీసి పెడతాడు. ఒకప్పుడు మురికితో పాటు కడిగేసుకున్న సమాచారం ఇప్పుడు మాకు చేతికి దొరుకుతోంది.

కంట్రోల్ రూమ్‌లో లోడ్ చూపించే స్క్రీన్ పక్కన ఒక తెల్ల బోర్డు తగిలించాం. దాని మీద ఒక్కో యూనిట్‌కు రెండు తేదీలు ఉంటాయి. ఒకటి చెక్ వాల్వులను చివరిసారి చేత్తో ముట్టుకున్న తేదీ. రెండోది యూనిట్ డీజిల్ మీద చివరిసారి మండిన తేదీ. రెండో తేదీ మొదటిదానికి కనీసం ఆరు వారాల తర్వాత పడితేనే ఆ టెస్టును లెక్కలోకి తీసుకుంటాం. షిఫ్ట్ మారేటప్పుడు లోడ్, గ్యాస్ ప్రెషర్ చెప్పుకున్నట్టే ఆ రెండు తేదీలూ పైకి చదివి అప్పగిస్తాం.